బూడిదలో పోసిన నురుగు

మా ఆఫీసులో నా పని చీటీలు వ్రాయడం. లారీ లోపలికి వచ్చినప్పుడు ఒక తూకం, బయటికి పోయేటప్పుడు ఒక తూకం. ఆ రెంటికీ తేడా ఎంతో ఒక గడిలో, సరుకు పేరు మరో గడిలో వ్రాయాలి. పదవ తరగతితో చదువు చాలించిన నాబోటివాడికి అంతకంటె పెద్ద పని ఎవరిస్తారు? పదిహేనేళ్ళుగా ఆ సరుకు గడిలో నేను అన్నిటికంటె ఎక్కువసార్లు వ్రాసిన మాట 'ఫ్లై యాష్'. అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే బూడిద. పొడవాటి పీపాలవంటి లారీల్లో ఒక్కొక్క దఫా ఇరవై అయిదు, ముప్పై టన్నుల చొప్పున అది సిమెంటు ఫ్యాక్టరీలకు పోతూ వుంటుంది. ఎందుకు పోతుందో, పోయి ఏమవుతుందో నేను ఏనాడూ అడగలేదు. గుమాస్తాకు అంకెలు సరిపోతే చాలు గదా!

అటువంటి బూడిద మా యింటి నెత్తికెక్కిన వైనం చెప్పుకోవాలని యీ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను. ఇందులో పాఠకులకు పనికివచ్చే విషయాలు కొన్ని వున్నాయి. ఒకటి మాత్రం నేను ఇంతవరకూ యింట్లో కూడా చెప్పనిది.

మాది చెన్నపట్నంలో పాత చాకలిపేట. మా ముత్తాతగారు నెల్లూరు వైపునుంచి వచ్చి యిక్కడ స్థిరపడ్డారు. మా తాతగారు కట్టించిన మిద్దె యిల్లే మాకు మిగిలిన ఆస్తి. ఈ పత్రిక చదివే వాళ్ళలో చాలామందికి అటువంటి మిద్దెలు తెలిసే వుంటాయి. టేకు దూలాలు వరసగా వేసి, వాటిమీద సన్నని చిన్న ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి, గానుగ సున్నంతో అతికిస్తారు. ఆ పైన ఇటుక జెల్లీ సున్నంలో కలిపి మందంగా పరచి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కబద్దలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయలూ బెల్లమూ నానవేసిన నీళ్ళు చల్లుతూ కొడతారు. చివరకు పైన తట్టోడు పరుస్తారు. 'మెడ్రాస్ టెర్రస్' అని ఇంజనీర్లు చెప్పుకొనేది దీన్నే. మా బామ్మ బతికున్నన్నాళ్ళూ ఆ బద్దల చప్పుడు తాళం వేసినట్టుండేదని చెబుతూ వుండేది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మిద్దె మూడుచోట్ల కురిసింది. అందులో ఒక ధార అమ్మ మంచం మీదనే పడింది. డెబ్భయి ఎనిమిదేళ్ళ మనిషిని రాత్రికి రాత్రి వంటింట్లోకి మార్చాం. వర్షం వెలిశాక చూస్తే నడిమి దూలం ఒకటి కాస్త వంగివుంది. మా నాన్నగారి కాలంనుంచీ మిద్దె కురిసినప్పుడల్లా పాతదాన్ని తియ్యకుండా దానిమీదనే మరో పొర వేస్తూ వచ్చారు. రోగం పైన రోగం వచ్చినట్టు బరువు పైన బరువు. తాతగారు వేసిన మూడంగుళాలు నాటికి ఎక్కడ చూసినా అయిదంగుళాలకు తక్కువ లేదు.

అప్పుడు మా మేనల్లుణ్ణి పిలిపించాను. వాడు మా అక్కయ్య కొడుకు. సివిల్ డిప్లొమా చదివి, ఆ పైన పని చేసుకుంటూనే ఇంజనీరింగు పూర్తి చేశాడు. అక్కయ్య అత్తవారి ఊరు పేరు చెప్పను గాని, ఆ ఊరి పక్కనే ఒక బూడిద చెరువు వుంది. బొగ్గు కాలాక కింద మిగిలే ముతక బూడిదను నీళ్ళతో కలిపి గొట్టాలగుండా తెచ్చి అటువంటి చెరువుల్లోకి వదులుతారు. నీళ్ళున్నన్నాళ్ళూ ఫరవాలేదు. ఎండలు ముదిరి చెరువు పైభాగం ఎండిందంటే మాత్రం గాలికి లేచి ఊళ్ళోకి వస్తుంది. వేసవిలో అక్కయ్య వాళ్ళింటికి వెళితే ఆరవేసిన చీర దులుపుకోవాలి, కంచం బోర్లించిపెట్టుకోవాలి. మావాడు ఆ బూడిదలో ఆడుకుని పెరిగాడు. వాడు దాని గురించే చదువుకోవడం వింత కాదు.

వాడు మిద్దె అంతా తట్టి చూసి, "మామయ్యా, దూలాలు బాగానే వున్నాయి. మోస్తున్నదే ఎక్కువయింది. పైదంతా తీసేసి, నురుగు కాంక్రీటు వేద్దాం" అన్నాడు.

నురుగుతో కాంక్రీటేమిటని నవ్వాను. వాడు ఓపికగా చెప్పాడు. మామూలు కాంక్రీటు ఘనమీటరుకు ఇంచుమించు 2400 కిలోలు తూగుతుంది. ఇందులో కంకర వుండదు. సిమెంటూ నీళ్ళూ మెత్తని పొడీ పిండిలాగా కలిపి, సబ్బునురుగువంటి గట్టి నురుగును విడిగా తయారుచేసి, అందులో కలిపేస్తారు. సిమెంటు బిగుసుకునేదాకా బుడగలు పగలకుండా నిలిచాయంటే, లోపలంతా గాలి గదులే. ఎంత నురుగు కలిపితే అంత తేలిక. 400 కిలోల నుంచి 1600 కిలోల దాకా ఎంత కావాలంటే అంతకు చేసుకోవచ్చునట. ఆ నురుగు మందు కొన్ని రకాల్లో జంతువుల కొమ్ములు, గిట్టలనుంచి తీస్తారు. మేము వాడినది రసాయనాలతో చేసినది. అమ్మతో మాత్రం మొదటి రకం సంగతి ఎత్తవద్దని వాడికి ముందే చెప్పాను.

ఆ మెత్తని పొడి ఇసుక కావచ్చు, ఫ్లై యాష్ కావచ్చు. మన చెన్నపట్నం ఐ.ఐ.టి.లోనే రామమూర్తిగారు, కున్హానందన్ నంబియారుగారు దీనిమీద పరిశోధించి 2006లో ప్రకటించారు. ఒకే బరువులో ఇసుకతో చేసినదానికంటె బూడిదతో చేసినదే గట్టిగా వుంటుందని వారు తేల్చారట. అంతకుముందు 2001లో కీర్స్లీ, వెయిన్‌రైట్ అనే యిద్దరు, ఇటువంటి కాంక్రీటులో సిమెంటునే తగ్గించి నూటికి 67 పాళ్ళదాకా బూడిద వేసినా చివరకు వచ్చే బలంలో చెప్పుకోదగ్గ లోటు రాలేదని చూపించారు. ఇక్కడ 'చివరకు' అన్న మాట ముఖ్యం. బూడిద నిదానపు సరుకు. నెల రోజులకు బలం తక్కువగానే కనిపిస్తుంది. రెండు మూడు నెలలు తడిపి వోపిక పట్టాలి.

అమ్మ తలుపు పక్కన నిలబడి అంతా విన్నది.

"ఏ బూడిద నా కూతురి యింట్లో అన్నంలో పడుతున్నదో, ఆ బూడిదనే తెచ్చి నా నెత్తిన పోస్తారా?" అంది.

మావాడు తల వంచుకున్నాడు. కాసేపటికి, "అమ్మమ్మా, యిక్కడ పడితే అక్కడ పడదుగదా" అని మాత్రం అన్నాడు. ఆ మాట అమ్మకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు, మళ్ళీ అడ్డు చెప్పలేదు.

2024 ఫిబ్రవరిలో పాత పొరలు తవ్వించాం. అందుకు వచ్చిన కొత్తనారు డెబ్భయి యేళ్ళ పైబడిన తమిళుడు. చిన్నతనంలో యిటువంటి మిద్దెలు వేసినవాడు. గునపంతో తాతగారి నాటి పొర పెళ్ళగించి, ఒక ముక్క చేతిలోకి తీసుకుని, నాలికమీద పెట్టినంత పని చేశాడు. "సుర్ఖీ బాగా వేశారు" అన్నాడు. కాల్చిన మట్టిని, అంటే ఇటుకలను, పొడి చేసి సున్నంలో కలిపేదాన్ని సుర్ఖీ అంటారు. ఉత్త సున్నం నీళ్ళలో వుంటే గట్టిపడదు, సుర్ఖీ చేరితే నీళ్ళలో కూడా రాయి అవుతుంది. మేము వెయ్యబోయేది 'సాంబల్', అదే బూడిద, అని మావాడు చెప్పగానే ఆ ముసలాయన మొహం చిట్లించుకుంటాడనుకున్నాను. "అదీ కాలిన మట్టే గదా" అన్నాడాయన.

మావాడు ఎగిరి గంతేశాడు. పుస్తకాల్లో వున్నదీ అదేనట. మన దేశపు బొగ్గులో మట్టి పాలు మెండు. టన్ను బొగ్గు కాలిస్తే మూడు, నాలుగు వందల కిలోల బూడిద మిగులుతుంది. ఆ మట్టి కొలిమి మంటలో కరిగి, పొగతో పైకి పోతూ చల్లారి, కంటికి కనబడనంత సన్నని గాజు గుండ్లయి పోతుంది. సిమెంటు నీళ్ళతో కలిసి బిగుసుకునేటప్పుడు కొంత సున్నం విడుస్తుంది. ఆ సున్నాన్ని యీ గాజుగుండ్లలోని సిలికా పట్టుకుని మళ్ళీ బంధంగా మారుతుంది. తాతగారి సున్నంలో సుర్ఖీ చేసిన పని, సిమెంటులో బూడిద చేస్తుంది. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో చేసినదీ యిదే. నైవేలిలో కాల్చే లిగ్నైటు బూడిదలో సున్నం పాలు సహజంగానే ఎక్కువ గనుక దాని నడక కొంచెం వేరు. ఈ ప్రాంతపు లారీల్లో వచ్చేది బొగ్గు బూడిద, దానికి సున్నం బయటినుంచి అందాలి.

ఇక నా సంగతి.

మావాడు ఒక కాగితం వ్రాసి యిచ్చాడు. ఫ్లై యాష్ ఇన్ని కిలోలు, తొట్టి నుంచి వచ్చినదే కావాలి, చెరువుది వద్దు. పొగ గొట్టానికి చేరేలోగా విద్యుత్తు పట్టించిన రేకులు ఆ సన్నని బూడిదను లాగి పట్టుకుంటాయి. రేకుల్ని సుత్తులతో తట్టితే అది కింది తొట్లలో పడుతుంది. అది పొడిగా, మెత్తగా వుంటుంది. చెరువులోది ముతక, తడి, అన్నీ కలిసినది. ఇదంతా వాడు నాకు చెప్పాడు. నాకు అర్థమయింది కూడా. అర్థం కాలేదని యిప్పుడు అబద్ధమాడను.

కాని ఆ కొద్దిపాటి సరుకు సంచుల్లో నింపి యివ్వడానికి ఒక వ్యాపారి చెప్పిన ధర నాకు మండింది. దారిన పోయే బూడిదకు యింత ధరా అనిపించింది. అప్పటికే అమ్మ గాజులు రెండు తాకట్టులో వున్నాయి. మాకు తెలిసిన ఒక టిప్పరు డ్రైవరు, "సార్, బూడిదే గదా, నేను తెచ్చి పడేస్తాను, కూలి డబ్బులివ్వండి చాలు" అన్నాడు. తెచ్చి పడేశాడు. అది నల్లగా, కొంచెం చెమ్మగా వుంది. రెండు రోజులు మిద్దెమీద ఆరబెట్టి, జల్లెడ పట్టించి, సంచుల్లోకి ఎత్తించాను. మావాడు వచ్చి చూసి, "రంగు కాస్త నలుపుగా వుందే, మామయ్యా?" అన్నాడు. "తొట్టిదే. ఈసారి బొగ్గు అటువంటిదట" అన్నాను.

మార్చి మొదటి వారంలో ఒక ఆదివారం అమ్మ గది పైన, రెండు వందల చదరపు అడుగుల మేరకు పోశాం. నురుగు యంత్రం అద్దెకు తెచ్చినవాడు, యిద్దరు కూలీలు, మావాడు, నేను. బూడిద నీళ్ళు పీల్చుకుని ముద్ద గట్టిపడుతున్నదని మావాడు రెండుసార్లు నీళ్ళు పోయించాడు. నురుగు వేస్తూంటే చిటపటమని బుడగలు పగిలే చప్పుడు. ఇంకా వేశారు. సాయంత్రానికి మూడంగుళాల యెత్తున, నీలిబూడిద రంగులో, తిరునాళ్ళలో అమ్మే పీచుమిఠాయిలాగా ముచ్చటగా వుంది.

తెల్లవారి ఎక్కి చూస్తే, పులిసిన దోసెపిండి గరిటె తగిలి దిగిపోయినట్టు, రెండంగుళాలయినా లేదు. నడుమ పళ్ళెంలాగా గుంట. పైన పెళుసైన పెచ్చు, వేలు పెడితే పొడి. బూడిదలో పోసిన పన్నీరని మనం అనుకుంటూ వుంటాం. అది నా యింటి మిద్దెమీద కళ్ళ చూశాను.

అమ్మ మావాణ్ణి పట్టుకుని దులిపేసింది. "చదువుకున్నావని నమ్మి గాజులిచ్చాను. నా కూతురి ఊరి దరిద్రం నా యింటిదాకా తెచ్చావు" అన్నది. వాడు మెట్లమీద కూర్చుని విన్నాడు. నేను లోపల చొక్కా తొడుక్కుంటున్నాను. బయటికి వచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. చొక్కా బొత్తాలు పెట్టుకుని, టిఫిను డబ్బా పుచ్చుకుని ఆఫీసుకు పోయాను.

వాడు మిగిలిన బూడిదలోంచి గుప్పెడు పొట్లం కట్టుకుని తాను చదివిన కాలేజీకి తీసుకుపోయాడు. అక్కడ దాన్ని ఆరబెట్టి తూచి, కొలిమిలో పెట్టి కాల్చి, మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువంతా కాలకుండా మిగిలిపోయిన బొగ్గన్నమాట. కాంక్రీటులో వేసే బూడిదకు అది నూటికి అయిదు పాళ్ళు దాటకూడదని మన దేశపు ప్రమాణం. మా బూడిదలో అంతకు రెట్టింపు పైన వుంది. ఆ బొగ్గు రవ్వలు స్పంజిలాంటివి. నురుగును నిలబెట్టే మందును అవి పీల్చేస్తాయి, మందు పోయిన బుడగ నిలవదు. పైగా ముతక బూడిద. ముద్ద గట్టిగా వుంటే నురుగులోని నీళ్ళు లాగి బుడగలు పగలగొడుతుంది, పలచనైతే బుడగలు పైకి తేలి విడిపోతాయి. మాకు రెండూ జరిగాయి.

గురువారం సాయంత్రం వాడు మా ఆఫీసుకే వచ్చాడు. టీకొట్టు దగ్గర నిలబడి, "మామయ్యా, ఆ సరుకు తూకం చీటీ ఒకసారి యిస్తారా?" అని అడిగాడు.

పదిహేనేళ్ళుగా చీటీ లేనిదే లారీని గేటు దాటనివ్వని మనిషిని. నా యింటి బూడిదకు చీటీ లేదు.

నేనేమీ అనలేదు. వాడూ మరి అడగలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఈసారి నేను కూడా వస్తాను సరుకు తేవడానికి" అన్నాడు. అమ్మతో మాత్రం వాడు ఏమీ చెప్పలేదు. నీళ్ళ పాళ్ళు తనే తప్పానని చెప్పుకున్నాడట. అది నాకు మా ఆవిడ ద్వారా తెలిసింది.

రెండోసారి నేనూ వాడూ కలిసి వెళ్ళి, తొట్టి బూడిద, పరీక్ష కాగితంతో సహా, చెప్పిన ధర యిచ్చి తెచ్చాం. లేత బూడిదరంగు, చేతిలో పోసుకుంటే నీళ్ళలాగా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చెయ్యాలని వాడు అందరినీ హెచ్చరించాడు. ఇంత సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

ఈసారి నాకూ ఒక పని అప్పజెప్పాడు, తూకం వెయ్యడం. నురుగు లీటరు పాత్రలో పట్టి తూస్తే అరవై గ్రాములకు అటూ యిటూ వుండాలి. సిమెంటు ఒక పాలు, బూడిద ఒక పాలు. నురుగు కలిపాక పది లీటర్ల బకెట్టు నిండా తీసి తూస్తే, బకెట్టు బరువు పోను తొమ్మిది కిలోలు రావాలి. ఎక్కువైతే ఇంకాస్త నురుగు, తక్కువైతే ఆపాలి. ప్రతి కలుపుకీ తూచి నోటుపుస్తకంలో వ్రాశాను. ముప్పై ఎనిమిది కలుపులు, ముప్పై ఎనిమిది గడులు. పోసిన మర్నాడు తెల్లవారకుండానే ఎక్కి చూశాను. దించిన చోట దించినట్టే వుంది. ముందు పోసిన చెత్తను తవ్వి తీసేశాం గనుక అమ్మ గది పైన కూడా కొత్తదే.

గోనెలు కప్పి మూడు వారాల పైన తడిపాం. ఇది గదులు మొయ్యడానికి పనికివచ్చేది కాదు, అంత బలం దీనికి వుండదు. మిద్దె పైన వాలు కోసం, వేడి ఆగడానికి వేసుకునేది. నీళ్ళు కూడా కొంత పీలుస్తుంది గనుక పైన తట్టోడు పరచక తప్పదు. ఎవరైనా దీన్నే ఉత్తగా వదిలెయ్యవచ్చునని చెబితే నమ్మవద్దు.

గుమాస్తా బుద్ధి గనుక లెక్క కూడా చెబుతాను. తవ్విన పాత సరుకును టిప్పర్లకెత్తి మా ఆఫీసు కాటామీదే తూయించాను. ఆరువందల చదరపు అడుగుల మిద్దెమీద నుంచి పదమూడు టన్నుల ఏడువందల కిలోలు దిగింది. కొత్త నురుగు కాంక్రీటు ఆరాక మూడున్నర టన్నులు. తట్టోడూ దాని కింది గచ్చూ కలుపుకున్నా ఎనిమిది టన్నులు దాటలేదు. మా తాతగారి దూలాలు యిన్నేళ్ళకు ఊపిరి పీల్చుకున్నాయి. మే నెల మధ్యాహ్నాల్లో అమ్మ గది పైకప్పు చెయ్యి పెడితే మునుపటిలా కాలడం లేదు. గాలి బుడగలు వేడిని త్వరగా దాటనివ్వవు.

ఇంత పనికివచ్చేది మన దేశంలో చాలాకాలం చెరువుల్లో గుట్టలు పడింది. 1999లో మొదటిసారి కేంద్ర ప్రభుత్వం, థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల్లో, కట్టడాల్లో బూడిద వాడాలని ఉత్తర్వు చేసింది. 2021 డిసెంబరు ఉత్తర్వుతో నూటికి నూరుపాళ్ళూ వాడితీరాలన్నది. ఇప్పుడు నేను చీటీలో ఆ మాట వ్రాసినప్పుడు లారీ ఎటు పోతున్నదో అడుగుతున్నాను. డ్రైవర్లు విసుక్కుంటున్నారు. పాత చెరువుల్లో వున్నది మాత్రం యింకా అక్కడే వుంది. అక్కయ్య యింకా కంచం బోర్లించే పెట్టుకుంటున్నది. మా మిద్దె మీదికెక్కిన నాలుగు బస్తాలవల్ల ఆ ఊరికి ఒరిగిందేమీ లేదని నాకూ తెలుసు, మావాడికీ తెలుసు.

2024 నవంబరు ఆఖరున ఫెంగల్ తుపాను వచ్చింది. ఆ శనివారం రోజంతా పట్టపగలే చీకటి. అమ్మ తన మంచం వంటింట్లోకి మార్చనివ్వలేదు. "చూద్దాం, వాడి చదువేపాటిదో" అని పడుకుంది. నేను రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాను. పైకప్పు పొడిగా వుంది. రెండోసారి చూసేసరికి అమ్మ మేలుకునే వుంది. "పడుకోరా, వాడు సరిగ్గానే వేశాడు. మొదటిసారి పిల్లాణ్ణి వూరికే తిట్టాను" అంది. నేను టార్చి ఆర్పి, నా మంచం దగ్గరకు వచ్చేశాను.

మా యింట్లో పత్రిక వచ్చిన సాయంత్రం మా ఆవిడ అమ్మ పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపిస్తుంది. అమ్మకు కళ్ళు ఆనవు. ఈ నెల మాత్రం నేనే చదువుతానని చెప్పాను. మేనల్లుణ్ణి కూడా ఆ పూట భోజనానికి రమ్మన్నాను.